ఆగిన కారణం

గడిచిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం, ఉప్పల్‌లోని మా మార్తక్క ఇంట్లో, ఆమె మనవరాలు షారోన్‌ను నేను నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నది. టీవీ ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుని కార్ల పందెం చూస్తున్నది. ఒక్క మనిషి మాత్రమే పట్టే, చక్రాలు బయటికి కనిపించే ఆ పొడుగు కార్ల ప్రపంచ పోటీ నాకు కొత్తది కాదు. ఏడాది పొడుగునా ఒక్కో దేశంలో ఒక్కో పందెంగా సాగి, చివరికి పాయింట్లన్నీ కూడి ఒక్కణ్ణి మొనగాడిగా తేల్చే పోటీ అది. మధ్యాహ్నం కరెంటు పోయి ప్రసారం తప్పిపోయిందట; అందుకని తర్వాత పెట్టుకుని చూస్తున్నది. నేను చెప్పులు విడిచి కుర్చీలో సర్దుకునే లోపలే, “తాతా, గిది ఎవరు గెలుస్తరో నాకు ఎర్కనే. ఫోన్‌ల ముందే జూసిన” అన్నది.

“చూసినంక మళ్ల ఎందుకు చూస్తున్నవ్?”

“ఎట్ల గెలిచిండో సూడొద్దా మరి?”

ఇవాళ ఆలోచిస్తే అది చక్కని జవాబు. ఆ సాయంత్రం నాకు అలా తోచలేదు. వరుస అనేది ఒకటి ఉంటుందని, చివరి పేజీ ముందు చదివేవాళ్లకు పుస్తకమే అక్కరలేదని, ఓపిక లేని తరం కాబట్టే వంతెన ముందు కట్టి దారి తర్వాత వెతుక్కుంటున్నారని, ఉప్పల్ చౌరస్తా దుమ్మంతా కలిపి ఆమె నెత్తిన పోశాను. పిల్ల నవ్వుతూనే, “తాతా, జర ఊపిరి తీస్కో. గిది రేసే, బైబిల్ కాదు” అన్నది. పక్కన చాప మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మార్తక్క తల ఎత్తలేదు. “వానికి బైబిల్ కన్న గదే ఎక్కువ బిడ్డా. వరుస, వరుస అనుకుంటనే మా బాపును సాగనంపిండు. ఇంకా ఆ మాట ఇడుస్తలేడు” అన్నది.

టీవీలో కార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఏమన్నావక్కా అని అడిగాను. “నీ ఎర్ర పుస్తకం ఉన్నది గదా? ఇంటికి వొయ్యి, బాపు పోయిన దినం ఏం రాసినవో సూసుకొని, మళ్ల ఐతారం రా. అప్పుడు జెప్త” అన్నది. వారం తర్వాత వెళ్లాను. అక్క చెప్పింది. ఆమె చెప్పినదాన్ని ఈ అధ్యాయం చివర రాస్తాను, ఎందుకంటే వరుసలో అది చివరిది. వరుస తప్పడం నాకు ఈ వయసులో కూడా చేతకావడం లేదు.

నాచారంలో నా గదిలో గోడ పొడుగునా పుస్తకాలు ఉన్నాయి. అన్నీ నేను రాసినవే, అచ్చు ఒక్కటీ కాలేదు. ఏ ఏడు వాన ఎప్పుడు మొదలైందో, ఏ అధికారికి ఏ అర్జీ పెట్టానో, దానికి జవాబు రాలేదని ఎన్నాళ్లకు నిర్ధారించుకున్నానో, అన్నీ అందులో ఉన్నాయి. నా ఉద్యోగమంతా ఒక కార్ఖానా గేజుల గదిలో గడిచింది. లేత్ మిషన్ మీంచి దిగిన ప్రతి ముక్కనూ కొలిచి, సరిపోయిందో లేదో రాయడం నా పని. ఆ గదిలో మాకు మొదట నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. రాసినదానిలో తప్పు దొర్లితే చెరపకూడదు, దిద్దకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మాట మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద ఏమి ఉన్నదో కనిపించేటట్టు. పక్కన సరైన మాట రాసి సంతకం పెట్టాలి. తప్పు చేసినవాడు ఎవరో ఎప్పటికీ తెలియాలన్నది దాని ఉద్దేశం. ఎర్ర పుస్తకం మాత్రం ఆ ఉద్యోగం ఖాయం కాకముందుది. గేజుల గదిలో నేనింకా అప్రెంటిసుగా ఉన్నప్పుడు, మా బాపు బతికి ఉన్న చివరి ఏడాది, ఒక పందేల సీజను మొత్తం రాద్దామని మొదలుపెట్టిన పుస్తకం అది. మొత్తం రాయలేదు.

మా బాపు జనగామ వైపు నుంచి బతకడానికి వచ్చి నాచారంలో లేత్ మీద పనిచేసే టర్నరైనవాడు. తెల్లవారి కార్ఖానా సైరన్‌కు ముందే లేచేవాడు. అమ్మ అప్పటికే పొయ్యి వెలిగించి ఉండేది. కట్టెల పొగ, సోడాలో నానిన ఖాకీ బట్టలు, వాటిలోంచి ఎంత ఉతికినా పోని కటింగ్ ఆయిల్ వాసన, ఈ మూడూ కలిసినదే మా ఇంటి వాసన. బాపు అన్నం తింటున్నా ఆ వాసన వచ్చేది, ప్రార్థన చేస్తున్నా వచ్చేది. ఆయన వేళ్ల చివర సన్నని ఇనుప పొట్టు ఎప్పుడూ గుచ్చుకుని ఉండేది. మార్తక్క సాయంత్రం సూదితో తీసేది. మిషన్ నడుస్తుండగా దాని మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగు బైబిల్ కూడబలుక్కుని చదివేవాడు.

పందేలు మా ఇంట్లోకి పాత కాగితాల దుకాణం గుండా వచ్చాయి. హబ్సిగూడలో పరిశోధన చేసే పెద్దమనిషి ఎవరో విదేశీ మోటారు పత్రిక ఒకటి తెప్పించుకుని, చదివిన తర్వాత పాత కాగితాలకు వేసేవాడు. ఆ దుకాణం యాదగిరిది. బాపు ఒకనాడు బీడీ ముట్టించుకోవడానికి ఆగి, అట్ట మీద విప్పి పెట్టిన ఇంజను బొమ్మ చూసి, దాన్ని ఇంటికి తెచ్చాడు. అప్పటినుంచి ఆ పత్రికలు యాదగిరి మా కోసం పక్కన పెట్టేవాడు. పందెం జరిగిన నెలల తర్వాత వచ్చేవి. ఒక్కోసారి ముందుది వెనుక, వెనుకది ముందు వచ్చేవి. ప్రపంచంలో ఎప్పుడో ముగిసిపోయిన సీజను మా వసారాలో అప్పుడే మొదలయ్యేది.

ఆదివారం ఆరాధన ముగిసి, అమ్మ వండిన బోటి కూర జొన్నరొట్టెతో తిని, ఎండ వాలాక కూర్చునేవాళ్లం. బాపు మంచం మీద. నేను గడప మీద పత్రికతో. ఎదురింటి నర్సింహ మామ తన పీట తానే తెచ్చుకునేవాడు. మామ వాళ్లది నాచారంలో పుట్టి పెరిగిన వ్యవసాయ కుటుంబం. తమ జొన్న చేను ఉన్నచోట లేచిన కార్ఖానాలోనే గేటు దగ్గర కాపలా ఉండేవాడు. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. ఊళ్ల పేర్లు వాళ్లకు నోరు తిరిగేవి కావు. అందుకని బొమ్మలు చూసి బాపే పేర్లు పెట్టాడు: సముద్రం పందెం, అడవి పందెం, ఇసుక దిబ్బల పందెం, గుట్టల పందెం. ఎర్ర పుస్తకంలో అసలు పేర్లు సరైన అక్షరాలతో ఉన్నాయి. ఇక్కడ బాపు పేర్లే రాస్తాను, అవి ఇంకెక్కడా లేవు కనుక.

గెలిచినవాడి మీద బాపుకు పెద్ద ఆసక్తి లేదు. ఆయనకు కావలసింది ఆగిపోయిన కార్లు. పత్రికలో ప్రతి పందెం చివర చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉండేది: ఏ కారు ఎన్నో చుట్టులో ఆగింది, ఎందుకు ఆగింది. నేను గెలుపు సంగతి చదువుతుంటే బాపు చెయ్యి ఊపేవాడు. “గది సరే. ఆగినయి జెప్పు. ఎందుకాగింది?” క్లచ్చు కాలిందంటే, ఎట్లా కాలి ఉంటుందో గాలిలో చేతులు తిప్పి చూపించేవాడు. గేరు పండ్లు ఊడాయంటే, “వేడి సరిగ పట్టియ్యలే” అని, ఎవరో తన పక్క మిషన్ మీద తప్పు చేసినంత నొచ్చుకునేవాడు. అందుకే ఎర్ర పుస్తకంలో నేను గీసిన గడులన్నిటిలో చివరి గడి వెడల్పైనది. దాని పైన ‘ఆగిన కారణం’ అని రాసుకున్నాను.

వరుస నియమం కూడా బాపుదే. మొదట్లో ఒకసారి వెనకటి సంచిక ముందు వస్తే, నేను ఆగలేక చదివేసి, ఫలానావాడు గెలుస్తాడని అన్నం దగ్గర చెప్పేశాను. బాపు చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టాడు. “లేత్ మీద ముందు రఫ్ కొడ్తం, తర్వాత ఫినిష్ కొడ్తం. ముందుగాలనే ఫినిష్ కొడ్తే ఏమైతది?” అన్నాడు. మాల్ ఖరాబైతుందన్నాను. “మరి గదే గదా నువ్ జేసింది” అన్నాడు. మరునాడు పాత రేకు పెట్టె ఒకటి తెచ్చి, దానికి కొండీ తానే చేసి బిగించి, తాళం వేసి, చెవి నాకు ఇచ్చాడు. ముందుగా వచ్చిన సంచికలు వాటి వంతు వచ్చేదాకా ఆ పెట్టెలో ఉండాలి. చూడకుండా, విప్పకుండా వేయాలి. “నువ్వే కావలి” అన్నాడు. ఆ చెవిని నా మెడలో సిలువ ఉన్న దారానికే కట్టుకున్నాను. నా మీద ఎవరైనా నమ్మకం పెట్టి ఒక పని అప్పగించడం అదే మొదలు. ఆ గర్వం నన్ను ఎంత మూర్ఖుణ్ణి చేసిందో చెప్పడానికే ఈ అధ్యాయం.

ఆ సీజనులో మేము బక్కోడని పిలుచుకున్నవాడు ఒకడు ఉండేవాడు. పొడుగ్గా, సన్నగా, కారులోంచి మోకాళ్లు బయటికి పొడుచుకు వచ్చినట్టు ఉండేవాడు. ఒక్కసారీ గెలిచినవాడు కాదు. అతని జట్టు చిన్నది; పత్రికలో వాళ్ల షెడ్డు ఫొటో ఒకటి వచ్చింది. రేకుల కప్పు, గోడకు వేలాడే స్పానర్లు, మూలన ఒక పాత లేత్. బాపు ఆ ఫొటోను ఎంతసేపు చూశాడో. “గిది మన నాచారమే రా. గీ లేత్ మా కార్ఖాన్ల గూడ ఉన్నది” అన్నాడు. ఆ రోజునుంచి బక్కోడు మా వాడయ్యాడు. అడవి పందెంలో మూడోవాడిగా వచ్చాడు. సముద్రం పందెంలో రెండోవాడు. మార్తక్క కూడా వంటింట్లోంచి, “మనోడు ఏమాయెరా?” అని అడగసాగింది.

ఇసుక దిబ్బల పందెం నేను చదివిన ఆదివారం నాకు నిన్నటిలా ఉంది. బక్కోడు మొదటి నుంచీ ముందున్నాడు. నేను కావాలనే మెల్లగా చదివాను. ఇంకో నాలుగు చుట్లు ఉన్నాయనగా కారు పొగ కక్కి, దిబ్బ పక్కన ఆగింది. బాపు మంచం మీద ముందుకు వంగి, “ఎందుకాగింది?” అన్నాడు. పట్టికలో చూశాను. కారణం రాయలేదు. ఇంజను విప్పి చూస్తున్నారని, కారణం తేలగానే వచ్చే సంచికలో ఇస్తామని ఒక వాక్యం మాత్రం ఉంది.

“ఆయిల్ పంపు బేరింగు పట్టేసింది” అన్నాడు బాపు.

“ఏం గాదు. గేరు పండ్లు ఊడినయ్” అన్నాడు నర్సింహ మామ.

“నీకేం ఎర్క బావా? నువ్ గేటు కాడ సలాం గొట్టెటోనివి. పండ్లూడితే చప్పుడొస్తది, పొగ రాదు.”

“నువ్ వొయ్యి ఆడ చెయ్యి పెట్టి సూసొచ్చినవా? పేపర్ల రానీ. నాదే నిజమైతే నెల దినాలు నా పీట నువ్వే మొయ్యాలె.”

“నాది నిజమైతే?”

“నీదెట్లైతది?”

బాపు నవ్వాడు. నవ్వు దగ్గులో పడింది. దగ్గు ఆగలేదు. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి నిలబడ్డది.

ఆ దగ్గు గురించి ఎర్ర పుస్తకం వెనక పేజీల్లో రాసి పెట్టాను. బాపును లేత్ మీంచి తీసి గ్రైండింగ్ సెక్షన్‌కు మార్చిన తర్వాత అది మొదలైంది. కిటికీ లేని షెడ్డు. సానరాయి దుమ్ము గాలిలో వేలాడుతూ ఉండేదట. ముక్కుకు కట్టుకోవడానికి అమ్మ పాత చీర చింపి ఇచ్చేది. సాయంత్రం ఆ గుడ్డ విదిలిస్తే బూడిద రాలేది. గుడ్డ ఏ రోజు ఎంత నల్లబడిందో రాశాను. ఆ కాగితాలు నకలు తీసి కార్ఖానా ఆఫీసులో ఇచ్చాను. బల్ల వెనక మనిషి చదవకుండానే, “బీడీలు తాగుతడా మీ నాయిన?” అని అడిగాడు. తాగుతాడన్నాను. “మరి?” అన్నాడు. ఆ ఒక్క మాట మీద నాకు ఉన్న కోపం ఈనాటికీ చల్లారలేదు. ఇంకా అర్జీలు రాశాను. జవాబు లేదు. కార్ఖానా మూతపడింది, షెడ్డు పడగొట్టారు, అక్కడ ఇప్పుడు పెళ్లిళ్ల హాలు ఉంది. అర్జీల నకళ్లు మాత్రం నా దగ్గర ఉన్నాయి. అడిగేవారు లేరు.

ఛాతీ దవాఖానాలో చూపించి తెచ్చాక బాపు మంచం దిగలేదు. ఇంటికి తీసుకుపోయి నెమ్మదిగా ఉంచమన్నారు. దాని అర్థం మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇక యాదగిరి దగ్గరినుంచి గుట్టల పందెం సంచిక రావలసి ఉంది. అది రాలేదు. దాని తర్వాతది వచ్చింది. ఆ తర్వాతది వచ్చింది. ఇంకొకటి కూడా వచ్చింది. మూడూ అట్ట కూడా చూడకుండా పెట్టెలో వేసి తాళం పెట్టాను. ప్రతి సాయంత్రం నేను సైకిల్ దిగగానే మంచం మీంచి గొంతు: “వచ్చిందా?”

“రాలే బాపూ.”

“సరే.”

హబ్సిగూడ దుకాణంలో కట్టలన్నీ విప్పించాను. యాదగిరి విసుక్కున్నాడు: “గా సారు ఆ నెల ఏదో ఊరికి వొయ్యిండు తమ్మీ. పేపరు ఏడనో వడ్డది. నేనేడికెళ్లి దేవాలె?” రామంతాపూర్‌లో వెతికాను, సికింద్రాబాద్‌లో వెతికాను, కోఠిలో వెతికాను. వెతికిన చోటల్లా రాసి పెట్టుకున్నాను, చోటు పేరు, రోజు, ‘లేదు’. ఒక సాయంత్రం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అన్నది: “పెట్టెల ఉన్నయి గద కొడుకా. తీసి సదువరాదు? ముంగటిదో ఎనకదో, ఏదైతేంది?”

“వరుస తప్పొద్దన్నది బాపే గదమ్మా.”

“అప్పుడు బాగుండె, అన్నడు. ఇప్పుడు?”

“ఇప్పుడు గూడ అదే మాట” అన్నాను. నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. నియమం అందరికీ నచ్చినప్పుడు పాటించడం గొప్ప కాదని, కష్టమైనప్పుడు పాటించడమే గొప్పదని అప్పుడే ఎక్కడో చదివి ఉన్నాను. సంచిక దొరుకుతుందనీ, అది తెచ్చి చదివిన రోజున బాపు ముఖం ఎట్లా ఉంటుందో చూడాలనీ ఉండేది. ఆ ముఖం నాకు కావాలి. మధ్యలో పెట్టె తెరిస్తే అది చెడిపోతుందనుకున్నాను.

ఆ ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి ఆబిడ్స్ వెళ్లాను. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. ఈ చివరినుంచి ఆ చివరకు, మళ్లీ అటునుంచి ఇటు, ప్రతి కట్టా చూశాను. ఎండ దిగిపోయాక ఖాళీ చేతులతో బస్సెక్కాను. మా వీధి మలుపులోనే నర్సింహ మామ నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో పీట లేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

లోపల మార్తక్క, “నిద్రల్నే వొయిండు తమ్మీ. ఏం తిప్పల వడలే” అన్నది. ఎర్ర పుస్తకంలో ఆ రోజు కింద నేను రాసిన మాటలు ఇవి: ‘బాపు, సాయంత్రం, నిద్రలో.’

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచానో చెప్పలేను. ఇక కాపలా కాయడానికి ఎవరూ లేరు కాబట్టి కావచ్చు. పైనున్న సంచిక తీసి రెండో పేజీ తిప్పాను. పాయింట్ల పట్టిక. బక్కోడి పేరు ఎదురుగా, గుట్టల పందెం కింద, మొదటి స్థానం. గెలిచాడు. జీవితంలో మొదటిసారి గెలిచాడు. ఇంకో రెండు పేజీల తర్వాత, అతని జట్టు గురించిన చిన్న వ్యాసంలో, ఇసుక దిబ్బల దగ్గర కారు ఆగడానికి కారణం ఆయిల్ పంపు బేరింగు పట్టేయడమేనని, దాన్ని మార్చుకున్నాకే గుట్టల పందెంలో ఇంజను నిలబడిందని ఉంది. పేజీ తిప్పి ఈ రెండు సంగతులు చదవడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం మా ఇంట్లో, మంచానికి మూడడుగుల దూరంలో, రేకు పెట్టెలో వారాల తరబడి ఉంది.

నర్సింహ మామకు చెప్పాను. ఆయన గడప మీద కూర్చున్నాడు. “అంటే నేను ఓడిన్నా?” అన్నాడు. ఓడావన్నాను. “మరి నా పీట ఏడికి మోస్కపోవాలె ఇప్పుడు? ఓడిన్నని నా నోట విననీయకపోతివి గదరా వాణ్ణి” అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆదివారాలు మా వసారాకు రాలేదు.

ఎర్ర పుస్తకంలో ఇసుక దిబ్బల పందెం చివరి గడి, గుట్టల పందెం గడులన్నీ ఖాళీగానే ఉంచేశాను. దొరకని ఆ సంచికను కళ్లారా చూడలేదు కనుక రాయకూడదని నాకు నేను చెప్పుకున్న సాకు. చూడటానికి మనసొప్పలేదన్నది నిజం. ఆ సీజను మిగతా పందేలు ఏమయ్యాయో, బక్కోడు తర్వాత ఏమయ్యాడో, నేను తెలుసుకోలేదు.

అక్క రమ్మన్న ఆదివారం నాచారం నుంచి ఉప్పల్‌కు ఆటోలో వెళ్తూ దారంతా చూశాను. మా వసారా రోడ్డు వెడల్పులో పోయి చాలా కాలమైంది. దాని చోట ఇప్పుడు బిర్యానీ పార్శిళ్ల కౌంటరు. షెడ్లు అపార్టుమెంట్లయ్యాయి. సైరన్ లేదు, కాబట్టి ఎవరూ ఏ వేళకూ లేవనక్కరలేదు. కొన్నేళ్ల కిందట షారోన్ నన్ను ట్యాంక్‌బండ్ వైపు తీసుకుపోయింది, మన నగరంలోనే ఒంటి సీటు కార్ల ప్రపంచ పందెం జరుగుతున్నదని. అవి కరెంటు కార్లు. ఈల వేసినట్టు సన్నని చప్పుడుతో వెళ్లిపోయాయి. ఒకటి నా ఎదురుగానే ఆగిపోయింది. ఎందుకు ఆగిందని పక్కనున్నవాళ్లను అడిగాను. ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కరలేదు. అందరూ ఫోన్లలో మొదటివాడెవరో చూసుకుంటున్నారు. నా కోపమంతా వీళ్ల మీద అనుకునేవాణ్ణి. అన్నీ చేతిలో ఉండి ఏదీ అడగని మనుషుల మీద. అడిగిన ఒక్క మనిషికి, చేతిలో ఉంచుకుని చెప్పనివాణ్ణి నేను.

అక్క మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుని, షారోన్‌ను టీ పెట్టడానికి పంపింది. “ఏం రాసినవ్ పుస్తకంల?” అన్నది. చెప్పాను.

“నిద్రల పోలే.”

నేను కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

“నువ్ ఆబిడ్స్ వొయినంక మెలకువొచ్చింది. వాడేడి అన్నడు. పేపరు కోసం వొయిండన్న. ‘మార్తా, పెట్టె తియ్యి బిడ్డా. అవతల ఏమైందో గింత సూసి జెప్పు. బొమ్మ సూసినా సాలు’ అన్నడు. చెవేదని ఎతికిన. నీ మెడలున్నది. బాపు సుత్తి తెచ్చిన తాళం వలగ్గొడ్దామని. ఒక్క దెబ్బ ఏసిన. వద్దన్నడు.”

“వద్దన్నడా?”

“చెయ్యి ఎత్తి వద్దన్నడు. ‘వలగ్గొట్టకు. వాడొచ్చి సూస్తే నొచ్చుకుంటడు. వాని వరుస ఖరాబు జెయ్యొద్దు’ అన్నడు. మరి నేను జెప్తున్న బాపూ, మనోడు గెలిచిండు, అన్న. అబద్ధమే అన్న, నాకేం దెల్సు? నన్ను సూసి నవ్విండు. ‘గెలుస్తే గెలిచిండు గని బిడ్డా, ఆ దిబ్బల కాడ ఎందుకాగెనో’ అన్నడు. మళ్ల అదే అన్నడు. దగ్గొచ్చింది. గంతే.”

“గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?”

“నీకు జెప్తే నువ్ రాస్తవ్” అన్నది అక్క. “రాసి పెట్టుకుంటవ్. దినాం సదువుతవ్.”

షారోన్ టీ తెచ్చింది. ఏం జరిగిందో దానికి అర్థం కాలేదు. ఇద్దరి ముఖాలూ చూసి, టీవీ పెట్టకుండానే గోడకు ఆనుకుని నిలబడ్డది. నేను దాన్ని పిలిచి, ఫలానా కాలంలో ఫలానా పందెం, ఫలానా పేరు గలవాడు, చూడగలవా అని అడిగాను. ఫోను మీద వేలు రెండుసార్లు ఆడించి, “దొరికింది తాతా. గెలిచిండు. ఎట్ల గెలిచిండో సదవాల్నా?” అన్నది. చదవమన్నాను. వాన మొదలైందట, ముందున్నవాళ్లు జారిపోయారట, బక్కోడు చివరి చుట్టు చాలా మెల్లగా, ఇంజనును బుజ్జగిస్తూ నడిపి గీత దాటాడట. అక్క కళ్లు మూసుకుని విన్నది. వినవలసినవాడు కాక ఇంటిల్లిపాదీ విన్నాం.

ఇంటికి వచ్చి ఎర్ర పుస్తకం తీశాను. పెట్టె కూడా అక్కడే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ గమనించనిది ఆనాడు కనిపించింది. తాళం పక్కన రేకు మీద చిన్న సొట్ట, సుత్తి మొనదెబ్బ. ఒక్కటే దెబ్బ. ప్రతి సానరాయి మచ్చనూ గుడ్డ మీద కొలిచి రాసినవాణ్ణి, దీన్ని చూడలేదు.

ఇసుక దిబ్బల పందెం వరుసలో చివరి గడిలో ‘ఆయిల్ పంపు బేరింగు పట్టేసింది. బాపు చెప్పినదే’ అని రాశాను. గుట్టల పందెం గడులు నింపాను. తర్వాత వెనక పేజీ తిప్పాను. సిరా వెలిసిపోయినా మాటలు తెలుస్తూనే ఉన్నాయి. ‘నిద్రలో’ అన్న మాట మీద ఒకే ఒక్క గీత గీశాను, కింద ఏమి ఉన్నదో కనిపించేటట్టు. పక్కన ‘అడుగుతూ’ అని రాసి, సంతకం పెట్టాను.